కౌజు గుడ్డుకొచ్చే కాలం: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

పెట్ట తొలిసారి గుడ్డు పెట్టినా, కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టినా పల్లెల్లో ‘గుడ్డుకొచ్చింది’ అంటారు. దక్షిణ రాయలసీమలో, అంటే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో, పెరట్లోనూ చిన్న షెడ్లలోనూ పెంచే కౌజు పిట్టలు ఎప్పుడు గుడ్డుకొస్తాయి, దేనివల్ల వస్తాయి, ఎందుకు ఆపేస్తాయి అన్నది ఈ వ్యాస విషయం. వాటికి దాయాదులైన ఫెజెంట్ కుటుంబపు పక్షులు (అడవికోడి, నెమలి, జిట్టకోడి) కూడా ఇందులో వస్తాయి. కాకపోతే వాటిని ఇంట్లో పెంచేందుకు వీల్లేదు. వాటి సంగతి శేషాచలం కొండల్లో చూసుకోవాల్సిందే.

చలిదేశాల పుస్తకాల్లో ఈ విషయం రెండు వాక్యాల్లో తేలిపోతుంది. మంచు కరిగి పగలు సాగగానే మార్చి, ఏప్రిల్ నెలల్లో పిట్ట గుడ్డుకొస్తుంది. పగలు కుంచించుకుపోగానే ఆపేస్తుంది. ఆ క్యాలెండరును పట్టుకుని తిరుపతిలో కౌజులు పెంచబోతే పప్పులో కాలేసినట్టే. ఇక్కడ ఏడాది పొడుగునా పగటి నిడివి పెద్దగా మారదు, ఎండ మాత్రం విపరీతంగా మారుతుంది. అందుకే ఈ ప్రాంతంలో పెంపుడు కౌజును గుడ్డుకు తెచ్చేది బల్బు, ఆపేది ఎండ. చేలగట్ల మీద బతికే అడవి కౌజులకైతే వానే ముహూర్తం.

పేరులో తికమక

ముందు పేరు సంగతి చూడాలి. కౌజు, కముజు అనే మాటలు తెలుగులో మొదట క్వెయిల్‌కి చెందినవి కావు. అవి కొంచెం పెద్దదైన మరో పిట్టవి: చెట్లతోపుల్లో, తుప్పల్లో పొద్దున్నే గొంతు చించుకుని అరిచే బూడిదరంగు కౌజు, ఇంగ్లీషువాళ్ళ గ్రే ఫ్రాంకోలిన్. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1862–64 మధ్య అచ్చయిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో దానికి రాసుకున్న తెలుగు పేరు ‘కౌంజు’. చిన్నవాటికి ఆయన వేరే పేర్లు ఇచ్చాడు: చలికాలంలో వలస వచ్చే క్వెయిల్‌కి గోగరి ఎల్లిచి, వానాకాలపు దానికి చిన్న ఎల్లిచి, పొదల్లో తిరిగేదానికి గిరిజ పిట్ట, రాతినేలల్లో ఉండేదానికి లావుంక. పూరేడు అనే మాట కూడా ఈ చిన్నపిట్టలదే. ఫారం పిట్టలు వచ్చాక ఇవన్నీ మూలపడ్డాయి. బోర్డు మీద ‘కౌజు పిట్టలు అమ్మబడును’ అని రాసి ఉంటే లోపల ఉండేది జపాన్ క్వెయిలే. నగరి, సత్యవేడు, కుప్పం వైపు అరవం మాట్లాడే ఇళ్ళలో దాన్నే కాడై అంటారు. ఒక పిట్ట పేరు ఇంకో పిట్ట ఎత్తుకుపోయిందన్నమాట. ఇక వెనక్కి తెచ్చే దారి లేదు కాబట్టి ఈ వ్యాసంలోనూ ‘కౌజు’ అంటే జపాన్ క్వెయిలే.

దాని శాస్త్రీయ నామం కోటర్నిక్స్ జపోనికా. జపాన్‌లో శతాబ్దాల కిందట దాన్ని పాట కోసం, అంటే మగపిట్ట కూత కోసం పంజరాల్లో పెంచేవారు. గుడ్ల కోసం పెంచడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊపందుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, మిగిలిన కొద్దిపాటి పిట్టలతో మళ్ళీ మొదలుపెట్టారు. మన దేశానికి 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు వచ్చాయి. అక్కడి కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వాటిని మన వాతావరణానికి అలవాటు చేసింది. దక్షిణాదిలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు మద్రాసు నందనంలోని కేంద్రంలో రూపొందించిన ‘నందనం’ కౌజులు ప్రసిద్ధి.

పగటి లెక్క

తిరుపతి భూమధ్యరేఖకు 13.6 డిగ్రీల ఉత్తరాన ఉంది. ధనుర్మాసంలో, డిసెంబరు 21 ప్రాంతంలో, ఇక్కడ పొద్దు ఆరున్నరకు పొడిచి ఆరుకు పదినిమిషాల ముందు కుంకుతుంది: పగలు 11 గంటల 20 నిమిషాలు. జూన్ 21న అయిదూ నలభై అయిదుకు తెల్లవారి ఆరూ నలభైకి పొద్దుగూకుతుంది: సుమారు 12 గంటల 55 నిమిషాలు. ఏడాది మొత్తంలో తేడా గంటన్నర. జపాన్ ఉత్తరాన సప్పోరోలో జూన్ పగలు 15 గంటలు దాటుతుంది, డిసెంబరు పగలు తొమ్మిదే. కౌజు శరీరంలోని గడియారం అలాంటి చోట తయారైంది. పగలు పన్నెండు గంటలకు కొంచెం అటూ ఇటూగా ఉన్నంతసేపు దానికి ‘ఇంకా కాలం రాలేదు, వచ్చిందేమో’ అన్న సందిగ్ధమే. 14 నుంచి 16 గంటల వెలుతురు అందితే ఆ సందేహం పోతుంది. తిరుపతి సూర్యుడు ఏడాదిలో ఏ రోజూ 14 గంటలు ఇవ్వడు. రథసప్తమి దాటినా, ఉత్తరాయణం ముగిసినా ఇవ్వడు. మిగతాది కరెంటు ఇవ్వాలి.

వెలుతురు పిట్టను ఎలా కదిలిస్తుందన్నది ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో చాలా అందమైన కథల్లో ఒకటి. నమ్మడం కొంచెం కష్టమే గానీ, పిట్ట ఋతువును కళ్ళతో చూడదు. ఫ్రాన్సులో జాక్ బెన్వా 1930లలోనే బాతుల కళ్ళకు వెలుతురు సోకకుండా చేసి చూశాడు; అయినా పగలు పెరగగానే వాటి వృషణాలు పెరిగాయి. పుర్రె ఎముక పలచన, దాని గుండా వెలుతురు లోపలికి దిగుతుంది. మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో కాంతిని పసిగట్టే కణాలున్నాయి. ఎర్ర కాంతి కణజాలంలోకి ఎక్కువ లోతుకు వెళ్తుంది కాబట్టి నీలిరంగు దీపాలకంటే పసుపూ ఎరుపూ కలిసిన దీపాలు ఈ పనికి మేలు. బ్రిటన్‌లో బ్రయన్ ఫాలెట్ కౌజుల మీద చేసిన ప్రయోగాల్లో ఒక్క దీర్ఘమైన పగలు చాలునని తేలింది: పొట్టిపగళ్ళకు అలవాటుపడిన పిట్టకు ఒక్కరోజు వెలుతురు పొడిగిస్తే, ఆ మొదటిరోజు ముగిసేలోగానే రక్తంలో సంతాన హార్మోను పెరిగింది. తరవాత నగోయా విశ్వవిద్యాలయంలో తకాషి యోషిమురా బృందం 2003లోనూ 2008లోనూ లోపలి గొలుసును విప్పి చూపింది. పీయూష గ్రంథి తొడిమ దగ్గర థైరాయిడ్ ప్రేరక హార్మోను పుడుతుంది, అది పక్కనే మెదడులో థైరాయిడ్ హార్మోనును చురుకైన రూపంలోకి మార్పిస్తుంది, దానితో సంతాన హార్మోన్ల తలుపు తెరుచుకుంటుంది. రెండు వారాలు తిరిగేసరికి మగపిట్ట వృషణాల బరువు నూరింతలకు పైగా పెరుగుతుంది. పెట్టలో గింజంత కూడా లేని అండకోశం ద్రాక్షగుత్తిలా వేలాడుతుంది. షెడ్డులో తెల్లవారుజామున నాలుగున్నరకు టైమరు ‘టక్’ మనడం వెనక ఇంత తతంగం ఉంది.

ఆరో వారం

కౌజు గుడ్లు 17–18 రోజులకు పొదుగుతాయి. పిల్ల బరువు 7–9 గ్రాములు, బొటనవేలంత ఉంటుంది. మొదటివారం దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తరవాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. తిరుపతి మే నెలలో ఆ వెచ్చదనం ఊరికే దొరుకుతుంది; పలమనేరు డిసెంబరులో దొరకదు. మొదటిరోజు నీళ్ళలో కొంచెం బెల్లం కలుపుతారు. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేయడం మరిచిపోకూడదు. అరంగుళం నీళ్ళలో కూడా కౌజు పిల్ల మునిగి చస్తుంది. కొత్తగా పెంచేవాళ్ళు మొదటి వారంలో పోగొట్టుకునే పిల్లల్లో చలికి పోయేవి సగమైతే నీళ్ళపళ్ళెం పాలయ్యేవి మిగతా సగమని చెప్పుకోవడం కొంత అతిశయోక్తే, పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

మూడు వారాలకు ఆడామగా తెలుస్తుంది. మగదాని రొమ్ము ఇటుక రంగులో ఒకే చాయగా ఉంటుంది. పెట్ట రొమ్ము మీద లేత గోధుమ రంగులో నల్లచుక్కలుంటాయి. అయిదో వారం దాటగానే మగపిట్టలు కూత ఎత్తుకుంటాయి. పిట్ట పరిమాణానికి అస్సలు పొంతన లేనంత పెద్ద కూత అది. తోక కింద గుండ్రటి గ్రంథి ఉబ్బుతుంది, వేలితో నొక్కితే తెల్లని నురగ వస్తుంది. షెడ్డు గుడ్డుకొచ్చే ఘడియ దగ్గరపడిందనడానికి ఇదే గుర్తు. పెట్టలు మగవాటికంటే బరువు తూగుతాయి, ఇది కోళ్ళకు తలకిందులు.

ఆరు, ఏడు వారాల మధ్య, అంటే సుమారు 42–45 రోజులకు, తొలి గుడ్డు పడుతుంది. నాటుకోడి పెట్ట గుడ్డుకు రావడానికి ఆరేడు నెలలు పడుతుందంటే ఈ తొందర ఎంతో అర్థమవుతుంది. ఎనిమిది, పది వారాలకు పెట్టుడు శిఖరానికి చేరుతుంది. బాగా చూసుకుంటే మొదటి ఏడాది ఒక్కో పెట్ట 250–300 గుడ్లు పెడుతుంది. గుడ్డు బరువు 10–12 గ్రాములు. తక్కువగా అనిపించినా పిట్ట బరువులో అది ఏడెనిమిది శాతం. కోడిగుడ్డు కోడి బరువులో మూడు శాతమే. అయిదు కౌజు గుడ్లు కలిపితే ఒక కోడిగుడ్డు. మాంసకృత్తులూ ఇంచుమించు అదే పాళ్ళలో ఉంటాయి. ఆస్తమా పోతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది లాంటివి అమ్మకందారు మాటలు.

తొలి గుడ్లు చూడ్డానికి ముచ్చటగా ఉండవు. చిన్నవి, తోలుగుడ్లు, నెత్తుటి చారలున్నవి, రెండు సొనలవి పడుతుంటాయి. వారం పదిరోజుల్లో సర్దుకుంటాయి. తొందరపడి మూడో వారం నుంచే 16 గంటల వెలుతురు పెట్టేవారికి మాత్రం ఇవి సర్దుకోవు. ఎముకలింకా ముదరని పెట్ట గుడ్డుకొస్తే గుడ్డు అడ్డం పడుతుంది, గుడ్డుతోపాటు అండనాళం బయటికి వస్తుంది, పిట్ట పోతుంది. పిల్లల్ని నిలబెట్టుకున్నాక, ఎదిగే రోజుల్లో వెలుతురు మామూలు పగటికి వదిలేసి, అయిదో వారం దాటాక వారానికి అరగంట, గంట చొప్పున పెంచుకుంటూ పోవడమే పద్ధతి. ఒకసారి పెంచిన వెలుతురును తగ్గించకూడదు. కరెంటు ఒకపూట పోతే ఏమీ కాదు. వారంపాటు సాయంత్రాలు చీకట్లో పడేస్తే పెట్టలు చలికాలం వచ్చిందనుకుని ఆపేస్తాయి.

మధ్యాహ్నం మూడు దాటాక

కోడి పొద్దున పెడుతుంది, కౌజు సాయంత్రం పెడుతుంది. దీపం వెలిగిన చాలా గంటల తరవాత గుడ్డు పడడం దాని తీరు. తెల్లవారుజామున దీపం వేసే షెడ్డులో మధ్యాహ్నం మూడు, ఆరు గంటల మధ్యే ఎక్కువ గుడ్లు పడతాయి. మధ్యాహ్నం భోజనమై ఓ కునుకు తీసి లేచేసరికి పని మొదలన్నమాట. ఆ వేళకు షెడ్డులో కలకలం సన్నగిల్లుతుంది. పెట్టబోయే పెట్ట ఒకటి మేతతొట్టి వదిలేసి మూలకు పోతుంది, రెండుసార్లు లేచి కూచుంటుంది, ఈకలు కొంచెం విప్పారుస్తుంది, తోక దించుతుంది. చూస్తుండగానే గుడ్డు జారి తీగల వాలు మీద దొర్లి ముందుకొస్తుంది. కోడిలా అరిచి ఊరందరికీ చెప్పదు. ఆ గుడ్డును వెంటనే చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, తడిగా ఉంటుంది. బొటనవేలితో రుద్దితే మచ్చలు సిరామరకలా చెదిరి వేలికంటుకుంటాయి. రెండు నిమిషాలు గాలి తగిలాక రుద్దినా రావు. మచ్చల రంగు గుడ్డు బయటికి వచ్చే ముందు చివరి రెండు మూడు గంటల్లోనే పెంకు మీద పడుతుంది, అందుకే ఆ తడి.

పెంకు మచ్చలు ఏ పెట్టవి ఆ పెట్టవే. ఒకే పెట్ట నెల తరవాత పెట్టిన గుడ్డును కూడా మచ్చల తీరు చూసి పోల్చుకోవచ్చు. పది పెట్టలున్న పెరటి గూట్లో ఇది పనికొచ్చే విద్య: ఏది ఆపేసిందో, ఏది పలచని పెంకు పెడుతున్నదో పెట్టలను పట్టుకోకుండానే తెలుస్తుంది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో కౌజులు తమ గుడ్ల రంగుకు కలిసిపోయే నేలను ఎంచుకుని మరీ పెడతాయని కనుగొన్నారు. పంజరంలో పెట్టే పెట్టకు ఆ ఎంపిక లేదు, వడ్లపొట్టు పరిచిన నేల మీద పెంచినప్పుడు మాత్రం గుడ్లు వెతుక్కోవడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మేత, చెనక్కాయ చెక్క

గుడ్డుకొచ్చిన కౌజుకు రోజుకు 25–30 గ్రాముల మేత చాలు. అందులో మాంసకృత్తులు 20–22 శాతం, సున్నం సుమారు 2.5–3 శాతం ఉండాలి. సున్నం తక్కువైతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకుకు పెడుతుంది; కొన్నాళ్ళకు కాళ్ళు చచ్చుబడతాయి. చిత్తూరు జిల్లాలో మేతకు మాంసకృత్తులు అనగానే చెనక్కాయ చెక్క గుర్తొస్తుంది. అది బలమైన మేతే, దానితో ఉన్న చిక్కు బూజు. కోత మీద వాన పడి సరిగా ఆరని కాయకు ఆస్పర్జిల్లస్ బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఈ విషం లోకానికి తెలిసిందే కౌజుల దాయాదుల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి, ఫెజెంట్ పిల్లలు కూడా. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. అక్టోబరు, నవంబరు వానల్లో నూర్చిన కాయ చెక్కను వాసన చూడకుండా పిట్టలకు వేయకూడదు. కాలేయం దెబ్బతిన్న పెట్ట చావకపోయినా గుడ్డు మానేస్తుంది. యజమాని బల్బును అనుమానిస్తాడు, లోపం సంచిలో ఉంటుంది.

ఎండ

వెలుతురు ఎంత ఇచ్చినా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు పెట్టుడు పడిపోతుంది. ఈ తూర్పు పల్లపు నేలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పక్షికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతూ వేడి వదులుకుంటుంది. రొప్పేకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, రక్తం క్షారమవుతుంది. పెంకు తయారవడానికి కావలసిన కార్బొనేటు అందులోంచే రావాలి కాబట్టి సున్నం ఎంత పెట్టినా పెంకు పలచబడుతుంది. దీనికితోడు ఎండకు మేత ముట్టవు. కత్తిరి ఎండల్లో గుడ్డు చేతిలోకి తీసుకుంటేనే చిట్లుతుంది. పనికొచ్చే ఉపాయాలు పాతవే: చెరకు ఆకో కొబ్బరిమట్టో కప్పు మీద పరవడం, పడమటి వైపు తడిపిన గోనెసంచులు వేలాడదీయడం, మేతను తెల్లవారుజాముకూ పొద్దు వాలాకకూ మార్చడం, కుండనీళ్ళు పెట్టడం. దీపం టైమరును కూడా తెల్లవారుజాము వైపే ఎక్కువ జరపడం మంచిది. చల్లటి వేళ మేత తింటాయి.

పడమటి మండలాల కథ వేరు. పలమనేరు, కుప్పం సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడి ఉన్నాయి. వేసవి రాత్రులు చల్లబడతాయి, పెట్టుడు అంతగా తగ్గదు. అదే చోట డిసెంబరు, జనవరిలో మాత్రం చలిగాలికి పరదాలు కట్టాలి. ఒకే పాత జిల్లాలో యాభై అరవై మైళ్ళ దూరంలో రెండు వేర్వేరు గుడ్ల క్యాలెండర్లు నడుస్తాయి. మొత్తం మీద రెండు చోట్లా కలిసొచ్చే కాలం ఆగస్టు నుంచి మార్చి దాకా. కొత్తగా పెట్టేవాళ్ళు జూన్ చివర పిల్లలను దించుకుంటే ఎండ తగ్గాక, ఆగస్టులో గుడ్డుకొస్తాయి. ఫిబ్రవరిలో దించుకునేవాళ్ళు సరిగ్గా ఎండలు ముదిరేవేళకు తొలి గుడ్లు చూస్తారు.

పొదుగు

జపాన్ కౌజు పొదగడం మరిచిపోయింది. తరతరాలుగా యంత్రంలో పొదిగించి, ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే ఎంచుకుంటూ వచ్చినందున పొదుగు బుద్ధి అణగారిపోయింది. పెట్ట గుడ్డు పెట్టి దాని మీదుగానే నడిచిపోతుంది. అందువల్ల పిల్లలు కావాలంటే ఇంక్యుబేటరు తప్పదు: 37.5 డిగ్రీలు, 60 శాతం తేమ, పద్నాలుగో రోజు దాకా తిప్పుతూ ఉండడం. మగదానికి రెండు మూడు పెట్టలుంటే గుడ్లకు జీవం బాగుంటుంది.

తిరుపతిలో దీనికి ఒక చిక్కుంది, పుస్తకాల్లో దాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు. జీవమున్న గుడ్డు ఇరవై, ఇరవై ఒకటి డిగ్రీలకు పైన ఉంటే లోపలి పిండం నిద్రలేస్తుంది. తగినంత వేడి లేక పెరగలేదు, చల్లదనం లేక నిద్రపోలేదు, కొన్నాళ్ళకు చచ్చిపోతుంది. మన గదుల్లో ఏడాదిలో చాలా భాగం అంతకంటే వేడే. కాబట్టి చల్లని దేశాల్లో వారం పది రోజులు దాచే గుడ్లను ఇక్కడ మూడు నాలుగు రోజులకు మించి బయట ఉంచకూడదు, వేసవిలోనైతే ఆ మాత్రం కూడా కాదు. మురిగిన గుడ్లు ఎక్కువైతే మగపిట్టలను తిట్టుకునే ముందు బుట్ట ఎక్కడ పెట్టారో చూసుకోవాలి.

బోడకొండ నేలల్లోని అడవి దాయాదులు

పెంపుడు కౌజుకు లేని ఋతువు అడవి కౌజులకు ఇంకా ఉంది. చిన్న ఎల్లిచి, అంటే వానకౌజు, శాస్త్రీయ నామంలోనే మన కోరమాండల్ తీరాన్ని మోస్తుంది: కోటర్నిక్స్ కోరమాండెలికా. నైరుతి వానలు పడి గడ్డి లేవగానే మగపిట్ట ‘విట్-విట్’ అని జంటకూతలు కూస్తుంది. అరచేయంత గుంటలో పెట్ట ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెట్టి తనే పొదుగుతుంది. దానికి పగటి పొడుగుకంటే గడ్డిగింజా పురుగూ ముఖ్యం. వానలు ముగుస్తుండగా గిరిజ పిట్ట మొదలుపెట్టి చలికాలం గడిచేదాకా సాగిస్తుంది. వలస వచ్చే గోగరి ఎల్లిచి ఇక్కడ గుడ్లు పెట్టే ఊసే లేదు, చలికాలం గడిపి వెళ్ళిపోతుంది. అసలు కౌజు, జెర్డాన్ కౌంజు, ఏడాదిలో చాలా నెలలు పెడుతుంది. దీని శాస్త్రీయ నామంలో ఉన్నది పక్కనే ఉన్న పాండిచ్చేరి.

ఇక ఫెజెంట్లు. సిసలైన ఫెజెంట్లు మన దేశంలో హిమాలయాల్లోనూ ఈశాన్య కొండల్లోనూ మాత్రమే ఉన్నాయి. విశాలంగా చూస్తే ఆ కుటుంబంలోకే కోడీ, నెమలీ, కౌజూ అన్నీ వస్తాయి. ఆ లెక్కన మనం వేల ఏళ్ళుగా పెరట్లో పెంచుకుంటున్న ఫెజెంట్ నాటుకోడే. శేషాచలం, నల్లమల అడవుల్లో ఉండేది బూడిదరంగు అడవికోడి. తూర్పున గోదావరి దాకా దాని రాజ్యం, అక్కడినుంచి ఎర్ర అడవికోడిది. మన పెంపుడు కోడి ప్రధానంగా ఎర్రదాని సంతతి. అయితే 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు పసుపుపచ్చ చర్మం ఇచ్చే జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని నిరూపించారు. చిత్తూరు ఇళ్ళలో రాగి సంగటి పక్కన పులుసులో తేలే పచ్చటి కోడి తోలు దక్షిణాది అడవి ఇచ్చిందే.

అడవికోడి ప్రధానంగా ఫిబ్రవరి నుంచి మే దాకా గుడ్డుకొస్తుంది. నేలమీద ఎండుటాకుల్లో నాలుగు నుంచి ఏడు గుడ్లు, మూడు వారాల పొదుగు. నెమలికి వానతో పొత్తు ఎక్కువ. నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు, 28 రోజులు. బండరాళ్ళ మధ్య దాగే జిట్టకోడి కనిపించడమే అరుదు, గూడు చూసినవాళ్ళు ఇంకా అరుదు. పట్టణాల్లో సరదాగా పెంచే విదేశీ గోల్డెన్ ఫెజెంట్, సిల్వర్ ఫెజెంట్ మద్రాసు, బెంగళూరు నుంచి వస్తుంటాయి. అవి చలిదేశపు లెక్క మరవలేదు: వసంతంలో మాత్రమే పెడతాయి, గోల్డెన్ ఫెజెంట్ ఎనిమిది నుంచి పన్నెండు గుడ్లు పెట్టి 22–23 రోజులు పొదుగుతుంది. వాటికి మన మార్చి, ఏప్రిల్ నెలలు ఇరుకు కిటికీ లాంటివి. ఒకవైపు పగలు చాలదు, ఇంకోవైపు ఎండ తోసుకొస్తుంది.

చట్టం, సంత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవికోడి, నెమలి, అడవి కౌజులు రక్షితాలు. నెమలి మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపినా పట్టినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు పడవచ్చు, గుడ్లు ఎత్తుకొచ్చి కోడి కింద పెట్టడం కూడా నేరమే. బోనులో కౌజును కూర్చోబెట్టి దాని కూతతో మిగతావాటిని రప్పించి ఉచ్చు పన్నే పాత వేట పద్ధతికీ ఇదే వర్తిస్తుంది. జపాన్ కౌజు విషయంలో కొంతకాలం గందరగోళం నడిచింది. 2011లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ కొత్త కౌజు ఫారాలకు అనుమతులివ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. అడవి క్వెయిల్‌కూ పెంపుడు క్వెయిల్‌కూ తేడా ఎలా కనిపెడతామన్నది అసలు భయం. పెంపకందారుల మొర తరవాత ఆ ఆంక్ష తొలగింది.

ఈ ప్రాంతానికి కోళ్ళ పరిశ్రమ కొత్త కాదు. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నాటిది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. చిత్తూరు చుట్టుపక్కల హేచరీలు, దాణా మిల్లులు ముందే ఉన్నందువల్ల కౌజుకు విడిగా ఏమీ కట్టుకోవలసిన పని లేకపోయింది. కోళ్ళకోసం వేసిన దారిలోనే నడిచింది. ఆ దారిలో జబ్బులూ నడుస్తాయి. 2024 ఫిబ్రవరిలో పక్కన నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది. పులికాట్, నేలపట్టుకు వలసపక్షులు వచ్చే నెలలూ, కౌజులు బాగా పెట్టే నెలలూ ఒకటే కావడంతో చలికాలంలో షెడ్డు వలలకు చిల్లులు లేకుండా చూసుకోవడం ముఖ్యం.

పోగైన గుడ్లు తిరుపతి, చిత్తూరు బజార్లకు పోతాయి; కొన్ని మద్రాసుకు బస్సెక్కుతాయి. అలిపిరి తనిఖీ కేంద్రం దాటి మాత్రం ఒక్క గుడ్డూ తిరుమల కొండెక్కదు, అక్కడ మాంసాహారం నిషిద్ధం. ఆ కొండ మీది అడవిలోనే, మార్చి నెల ఎండుటాకుల్లో, అడవికోడి పెట్ట తన నాలుగైదు గుడ్ల మీద కూచుని ఉంటుంది.